ఏడో బొమ్మ ఎడమ కాలు

మూడుంబావుకి నేను పళ్ళ ఆసుపత్రి మెట్లెక్కేసరికి, మా బామ్మర్ది అప్పటికే దొంగను తేల్చేసి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వాడు పోలీసు ఇన్‌స్పెక్టరు. నేను ప్రైవేటు డిటెక్టివుని. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు కదా అని వాడి జోలికి నేను వెళ్ళను. నా జోలికి రాకుండా వాడు ఒక్కరోజు కూడా ఉండలేడు.

"రా బావా, రా. నీదే ఆలస్యం. కేసు అయిపోయింది, సంతకాలే తరువాయి."

"దొంగెవరు?"

వాడు గడ్డంతో చూపించాడు. వరండా చివర స్టూలు మీద తెల్లకోటు నర్సు కూర్చుని ఉంది. నలభై ఆరో, నలభై ఏడో ఉంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

"ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే పని. బొమ్మల బీరువా తాళంచెవి డాక్టరుగారి కోటు జేబులో ఉంటుంది. ఆయన రోజూ ఒంటిగంటంబావు నుంచి రెండింటిదాకా కోటు విప్పి కునుకు తీస్తారు. ఆ టైములో ఆ కోటు దగ్గరికి వెళ్ళగలిగేది ఈవిడొక్కతే. ఐదింటికి జీపెక్కిస్తున్నా."

"ఒప్పుకుందా?"

"లేదు. కాదని కూడా అనలేదు. తేలు కుట్టిన దొంగలా ఎలా కూర్చుందో చూడు."

చూశాను. నాకలా అనిపించలేదు. ఎవరో ఏదో చెప్తారని ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది. ఐదు కొట్టేలోపు నేనేదో ఒకటి పీకకపోతే ఇరవై రెండేళ్ళ మంచిపేరు జీపెక్కి పోతుంది. చేతిలో ఉన్నది గంటా ముప్పావు.

పోయింది ఒక ప్లాస్టిక్ బొమ్మ. నవ్వకండి. మీకు నలభై దాటకపోతే సప్తవీరులు ఎవరో మీకు తెలియదు, మీ ఖర్మ.

బకెట్లూ మగ్గులూ చేసే ఒక ఫ్యాక్టరీవాళ్ళకి ఒక వేసవిలో ఏం బుద్ధి పుట్టిందో ఏమో, ఏడుగురు వీరుల్ని పోతపోశారు. ఉక్కన్న, గాలిదొర, మెరుపక్క, నిప్పయ్య, నీళ్ళబాబాయి, రాతిమామ, బుల్లిసూరీడు. జానెడు బొమ్మలు. ఆ వారం ఏ రంగు బకెట్లు పోస్తుంటే వీరుడికీ అదే రంగు. నిప్పయ్య ఆకుపచ్చగా ఉండేవాడు, అదేమిటని మేమెవరమూ అడగలేదు కూడా. బల్లమీద పరిచే ప్లాస్టిక్ గుడ్డ కత్తిరించి వీపులకు కట్టారు. చేతులు తిరగడానికి లోపల ఒక రబ్బరు బ్యాండు. అది నాలుగు నెలలకి పుటుక్కుమనేది, లోకాన్ని కాపాడాల్సిన చేతులు రెండూ ఊడి మా నిక్కరు జేబుల్లోకి వచ్చేవి. సప్తవీరుల ఆయుష్షు పట్టుమని పది నెలలు. ఏడోవాడు బుల్లిసూరీడు కొట్లోకి వచ్చిన తొమ్మిదో రోజున ఫ్యాక్టరీకి తాళం పడింది.

నాకు ఒక్కడే ఉండేవాడు, రాతిమామ. చేతులూడాక సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించుకున్నాను. బడికీ, నిద్రకీ, జ్వరానికీ వెంట వాడే. ఇల్లు మారినప్పుడు ఏ పెట్టెలో పోయాడో. "తాడిలా ఎదిగి బొమ్మకి ఏడుస్తావేంట్రా" అని మా అమ్మ కేకలేసింది. అయినా ఏడ్చాను. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పాత మగ్గు కనిపిస్తే తిరగేసి అడుగున ముద్ర చూస్తాను. మా ఆవిడ పరువు తీస్తున్నావంటుంది.

ఇలాంటి పిచ్చివాళ్ళం పాతికమందిమి ఉన్నాం. మాలో ఈ పళ్ళ డాక్టరు మహారాజు. యాభై ఏళ్ళ మనిషి. మూడు నెలల క్రితందాకా ఈయన దగ్గరా ఆరుగురే. ఏడోవాడు లేని సెట్టు తోక లేని గాలిపటమని ఎవరో ఎగతాళి చేస్తే, మర్నాడే బుల్లిసూరీడిని తెచ్చి బీరువాలో నిలబెట్టి మా అందరికీ ఫోటో పంపాడు. ఫ్యాక్టరీ గోదాములోంచి నేరుగా వచ్చిందట. ఏ పిల్లాడి చెయ్యీ పడలేదట. మేమంతా కుళ్ళుకున్నాం. అందరికంటే ముందు నేను.

నిన్న గురువారం ఆయన నాకు ఫోను చేశాడు. ఎవరో అసలు బొమ్మ తీసుకుని నకిలీది పెట్టారన్నాడు. "దొరికితే పోలీసులకి ఇవ్వకండి. ఎవరికీ చూపించకండి. తిన్నగా నా చేతికే ఇవ్వండి," అన్నాడు. ఆ చివరి మాట రాత్రంతా నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

డాక్టరు గదిలోకి వెళ్ళాను. వద్దన్నా మా వాడు వెనకే వచ్చాడు.

"నకిలీ అని ఎలా పట్టారు డాక్టరుగారూ?"

"బరువు. చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది."

"ఎన్నింటికి?"

"రెండూ ఐదు. నిద్ర లేచి బొమ్మల గదిలోకి వెళ్ళాను."

మా బామ్మర్ది చేతిలోంచి ఫైలు లాక్కున్నాను. ఫిర్యాదు ఇచ్చింది డాక్టరు భార్య, కాపురం ఆసుపత్రి మేడ మీదే. ఆమె చెప్పింది రాసుకున్నారు: రెండూ ఐదుకి మావారు కేక వేశారు. పరుగెత్తుకెళ్ళాను. అద్దాల బీరువా తాళం వేసే ఉంది. ఆయన తాళంచెవికోసం జేబులు తడుముకుంటున్నారు.

"తాళం తియ్యకముందే కేక వేశారు. అద్దం ఇవతల నుంచి బరువెలా తెలిసిందండీ?"

డాక్టరు కుడితిలో పడ్డ ఎలుకలా చూశాడు. "అంటే... చూడగానే తేడా అనిపించింది."

"ఏం తేడా?"

"నా బొమ్మ నాకు తెలియదా!" అని బల్ల మీద గుద్దాడు. పళ్ళ అద్దం ఒకటి ఎగిరి కింద పడింది.

"బావా, సొత్తు పోగొట్టుకున్నాయన్ని పట్టుకుని దొంగని అడిగినట్టు అడుగుతావేంటి?" అన్నాడు మా వాడు.

"సొత్తు పోయినాయన ఫిర్యాదు ఎందుకివ్వలేదో నువ్వు అడిగావురా?"

"భార్య ఇస్తే ఆయనిచ్చినట్టు కాదా? మా అక్క ఒక మాటంటే అది నీ మాట కాదూ?"

"మీ అక్క సంగతి వేరు. మా ఇంట్లో నాకు మాటెక్కడుంది?"

డాక్టరు నవ్వలేదు. పడిన అద్దం తియ్యడానికి కూడా వంగలేదు.

మూడూ నలభైకి బొమ్మల గదిలోకి వెళ్ళాను. చిన్న గది, కిటికీ లేదు, ఒకటే బీరువా. లోపల ఏడుగురు వరుసగా నిలబడి ఉన్నారు. నిజం చెప్పొద్దూ, ఆకుపచ్చ నిప్పయ్యని చూడగానే నా చెయ్యి దానంతటదే జేబు తడుముకుంది. పక్కనే రాతిమామ, మా రాతిమామకి ఉన్నట్టే వంకర మూతితో. ఒక్క నిమిషం కేసు మర్చిపోయాను. తర్వాత వచ్చిన పని గుర్తొచ్చి ఫోను తీసి డాక్టరు పంపిన ఫోటో పెట్టుకున్నాను.

ఫోటోలో బుల్లిసూరీడు కొంచెం పక్కకి తిరిగి ఉన్నాడు. ఎడమ కాలు గోడవైపు, కుడి కాలు మనవైపు. ఇప్పుడు బీరువాలో ఉన్నవాడు తిన్నగా నిలబడ్డాడు, రెండు కాళ్ళూ అద్దం వైపే. డాక్టరు బయటనుంచి చూసింది ఆ ఎడమ కాలినే. అక్కడ ఉండాల్సిందేదో లేదు. లేదా ఉండకూడనిది ఉంది.

తాళం తీయించి బొమ్మని చేతిలోకి తీసుకున్నాను. భూతద్దం పెట్టాను. ఎడమ కాలు నున్నగా ఉంది. ఎడమ కాలేమిటి, ఒళ్ళంతా నున్నగానే ఉంది. అక్కడే నాకు దొరికింది. సప్తవీరుల ఒంటికి చెవుల నుంచి మడమల దాకా రెండు పక్కలా ఒక అతుకు గీత ఉంటుంది, అచ్చు రెండు ముక్కలు కలిసే చోట. బకెట్లవాళ్ళకి దాన్ని గీకే ఓపిక లేదు. ఆ గీత మా చిన్నప్పుడు బొటనవేళ్ళని కోసేసేది. ఈ బొమ్మకి గీత లేదు. ఎవరో కూర్చుని, మనసు పెట్టి, అరగదీసి మెరుగుపెట్టారు. నకిలీ చేసేవాడు అసలుకంటే బాగా చెయ్యడం నేనెక్కడా వినలేదు.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఘాటైన వాసన. ఆ వాసన ఈ ఆసుపత్రిలోనే, వెనక గదిలోంచి వస్తోంది.

వెనక గదిలో పళ్ళ సెట్లు చేసే తాత ఉంటాడు. డెబ్భై దాటాయి. గోడనిండా అరల్లో సుద్దతో పోసిన దవడలు, నోళ్ళు తెరుచుకుని మనకేసే చూస్తుంటాయి. నాలుగూ ఐదుకి నేను వెళ్ళేసరికి ఎవరివో కింది పళ్ళు అరగదీస్తున్నాడు. ఏమీ అనకుండా బొమ్మ ఆయన ముందు పెట్టాను.

"పనితనం బాగుంది తాతా. కానీ ఈ అతుకు గీత ఎందుకు తీసేశావు?"

ఆయన అరగదీత ఆపలేదు. "గరుకు వదిలితే చిగురు కోసుకుపోదూ?"

"బొమ్మకి చిగురెక్కడిది తాతా?"

చెయ్యి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నలభై ఏళ్ళ అలవాటు నాయనా. మనసు చెప్పినా చెయ్యి వినదు."

"ఎడమ కాలు మీద ఏముండేది?"

"గుంటలు. పైన మూడు, కింద నాలుగు. అచ్చు తియ్యగానే కనిపించాయి. ప్లాస్టిక్ లోపమేమో, మనం చేసేదానికి లోపమెందుకని మైనంతో పూడ్చేశాను." ఆగి, తనని తానే తిట్టుకున్నట్టు అన్నాడు, "జీవితమంతా పళ్ళతో బతికినవాణ్ణి. నువ్వడిగేదాకా అది పంటిగాటని పోల్చుకోలేకపోయాను చూడు. పిల్లల పళ్ళు మా దగ్గరికి రావు కదా."

పంటిగాటు. ఏ పిల్లాడి చెయ్యీ పడని బొమ్మ మీద.

"చెయ్యమన్నదెవరు తాతా?"

తాత మళ్ళీ కళ్ళజోడు తగిలించుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నర్సు నోరు విప్పింది. "నేనేనండీ. ఆయన్నేమీ అనకండి. ఎందుకని కూడా అడక్కుండా చేసిపెట్టారు."

"చూశావా బావా!" మా బామ్మర్ది వెనకనుంచి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "నేను గంట ముందే చెప్పలేదూ? నువ్వు భూతద్దాలూ వాసనలూ అంటూ ఊరంతా తిరిగి నా గుమ్మం ముందుకే వచ్చావు. పదమ్మా, జీపెక్కు."

ఆమెని విడిపిద్దామని ముడి విప్పితే అది ఆమె మెడకే బిగిసింది. గడియారం చూశాను. నాలుగూ ఇరవై.

"ఐదింటికన్నావు," అన్నాను.

"ఒప్పుకున్నాక ఐదేంటి, ఆరేంటి?"

"మాటంటే మాట. నలభై నిమిషాలు నావి. కాదంటే మీ అక్కకి ఫోను చేస్తాను."

ఇన్‌స్పెక్టరు అన్నవాడు దేనికీ భయపడడు, వాళ్ళక్కకి తప్ప. టోపీ తీసి బల్ల మీద పడేసి, "నలభై నిమిషాలే," అని గొణిగి తలుపుకి ఆనుకున్నాడు.

నర్సు కుర్చీలో కూర్చోలేదు. అరల దగ్గరికి వెళ్ళి, మూడో వరసలో ఒక సుద్ద దవడని పక్కకి జరిపి, వెనకనుంచి దూది చుట్టిన పొట్లం తీసింది. విప్పి నా అరచేతిలో పెట్టింది. బుల్లిసూరీడు. నిమ్మపండు రంగు, వంకర కిరీటం, వేలిని కోసే అతుకు గీత. ఎడమ కాలి పిక్క మీద పంటిగాట్లు. పైవరసలో రెండు పక్కపక్కన, తర్వాత ఒక పన్ను పట్టేంత ఖాళీ, తర్వాత ఇంకొకటి.

"ఆ ఖాళీ ఎందుకో తెలుసా సార్? ఆ పన్ను అంతకు ముందురోజే ఊడింది," అంది. "మా తమ్ముడిది. ఆరేళ్ళు వాడికి. నాకు ఎనిమిది. ఇద్దరికీ కలిపి మా నాన్న ఒక్కటే కొన్నాడు. ఆ రోజు పొద్దున నా వంతు. వాడివ్వలేదు. నేను లాగాను, వాడు కొరికి పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, నీతో మాట్లాడను పో అన్నాను. వాడు బొమ్మ పట్టుకుని బయటికెళ్ళాడు. మళ్ళీ రాలేదు."

మా బామ్మర్ది తలుపు వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళయింది. బస్‌స్టాండులు, రైల్వేస్టేషన్లు, అనాథాశ్రమాలు అన్నీ తిరిగాం. ఎక్కడో బతికే ఉంటాడని ఇప్పటికీ ఇక్కడికొచ్చే ప్రతి నలభైనాలుగేళ్ళ మగమనిషి మొహం చూస్తాను. మూడు నెలల క్రితం డాక్టరుగారు బీరువాలో ఈ బొమ్మ పెట్టారు. ఎవరినీ తాకనివ్వలేదు. ఒకరోజు ఆయన దులుపుతుంటే కాలు తిరిగింది. నేను చూశాను."

"మరి అప్పుడే అడగొచ్చు కదమ్మా?"

"అడిగిన మరుక్షణం బొమ్మని కాల్చేస్తే? నా దగ్గర ఇంకేముంది సార్ చూపించడానికి? అందుకే ముందు దాన్ని దాచుకుందామనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం తాత అచ్చు తీశారు, పది నిమిషాలు పట్టింది. మొన్న బుధవారం నకిలీది పెట్టాను. నిన్న ఆయన కేక వేశారు. పోలీసులొచ్చారు. ఆయనేం చెప్తారా అని చూస్తూ కూర్చున్నాను. బొమ్మ పోయిందని చెప్పారు గానీ కాలి మీద గాటుందని ఎవ్వరికీ చెప్పలేదు. ఎక్కడో పాతసామాన్లలో కొనుక్కున్నదైతే ఆ గుర్తే ముందు చెప్పేవారు కదా?"

నేను ఇరవై ఏళ్ళుగా డిటెక్టివు బోర్డు పెట్టుకున్నాను. ఇంత శుభ్రంగా ఒక్క కేసు కూడా తేల్చలేదు.

"డాక్టరుని పిలువు," అన్నాను. మా బామ్మర్ది మారుమాట్లాడకుండా వెళ్ళాడు. అదొక వింత.

డాక్టరు లోపలికొచ్చి నా అరచేతిలో బొమ్మని చూశాడు. తర్వాత ఆమెని చూశాడు. గోడ పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎక్కడ దొరికింది డాక్టరుగారూ?" అన్నాను. "గోదాములో అని మళ్ళీ అనకండి."

"గోదాము వెనకే," అన్నాడు. గొంతు పన్నెండేళ్ళ కుర్రాడిలా సన్నగా వచ్చింది. "ఫ్యాక్టరీ మూసేశాక వెనక గోడకి కన్నం ఉండేది. పనికిరాని బొమ్మలు అక్కడ పారబోశారు. మేం దూరి ఏరుకునేవాళ్ళం. నాకు ఆరుగురు దొరికారు. ఏడోవాడు దొరకలేదు. ఆ రోజు ఈ పిల్లాడు ఒక్కడే వచ్చాడు, చేతిలో ఏడోవాడితో. నేను ఇమ్మన్నాను. ఇవ్వనన్నాడు. లాక్కున్నాను. వాడు వెనక్కి అడుగేశాడు. అక్కడ అచ్చులు చల్లార్చే నీళ్ళ తొట్టి. మీద టార్పాలిన్ కప్పి ఉంది. అది నేలే అనుకున్నాడు."

డాక్టరు కాలితో గచ్చు తడిమాడు.

"చాలా లోతు. నాకు ఈత రాదు. పరుగెత్తాను. ఇంట్లో చెప్తే చంపేస్తారని చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను, ఆ మర్నాడు... వర్షాలొచ్చాయి, గోడ కూలింది, తొట్టిని మట్టేసి పూడ్చేశారు. ఇప్పటికీ అక్కడ ఖాళీ జాగాయే."

మా బామ్మర్ది నోటుబుక్కు తీశాడు, మళ్ళీ మూసి జేబులో పెట్టుకున్నాడు.

"నేనెవరో తెలిసే పనిలో పెట్టుకున్నారా?" అందామె.

డాక్టరు తలూపాడు. "మీ నాన్న పేరు చూసి గుర్తుపట్టాను, పిల్లాడు తప్పిపోయాడని గోడలకి అంటించిన కాగితాల్లో ఆ పేరే ఉండేది. రోజూ చెబుదామనే అనుకున్నాను."

ఇరవై రెండేళ్ళ రోజులు! నాకు డాక్టరు పీక పిసకాలనిపించింది. చేతిలో బొమ్మ ఉండబట్టి ఆగాను. నర్సు అరవలేదు, తిట్టలేదు. మెల్లగా వెళ్ళి ఆయన ముందు కింద కూర్చుంది, పళ్ళ కుర్చీలో భయపడే పిల్లల ముందు కూర్చుంటుంది చూడండి, అలా.

"బొమ్మ ఉంది కదా వాడి దగ్గర," అంది. "మరి అక్కడికి ఎందుకొచ్చాడు?"

డాక్టరు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

"నేనూ అదే అడిగాను. మా అక్కకి కోపమొచ్చింది, తనకొకటి వెతకాలి అన్నాడు."

తాత లేచి ఆమె తల మీద చెయ్యి వేశాడు. బయట పోలీసు జీపు స్టార్టు చేసిన చప్పుడైంది. ఐదు కొట్టింది కాబోలు.

"దొరికిందా వాడికి?" అంది.

"దొరికింది," అన్నాడు డాక్టరు. "రెండో చేతిలో ఉంది. అది మాత్రం వదల్లేదు."